తెల్లనివన్నియు పాలేనా?

మహాభారతము ఆదిపర్వమున ద్రోణాచార్యుని దారిద్ర్యమును తెలుపు చిన్న ఘట్టమొకటి కలదు. ఆయన కుమారుడు అశ్వత్థామ పసివాడుగా నున్నపుడు, ధనవంతుల బిడ్డలు ఆవుపాలు త్రాగుచుండగా చూచి, తనకును పాలు కావలెనని యేడ్చెను. ద్రోణుడు ఒక్క పాడియావు కొఱకు ఎంత తిరిగినను ఫలము లేకపోయెను. అపుడు తోడి బాలురు పిండిని నీళ్లలో కలిపి, ఇవియే పాలని చెప్పి ఆ పసివానికి ఇచ్చిరి. వాడు ఆ తెల్లని నీటిని త్రాగి, తానును పాలు త్రాగితినని మురిసి గంతులు వేసెను. చూచినవారు పరిహసించిరి. తండ్రి హృదయము మాత్రము క్రుంగిపోయెను.

ఆ బాలుడు మోసపోవుటకు కారణము రంగు. లోకమెఱుగని అమాయకుని గూర్చి చెప్పునపుడు మన పెద్దలు, “నల్లనివన్నియు నీళ్లు, తెల్లనివన్నియు పాలు” అని నమ్మువాడందురు. నేడు పట్టణములలోని అంగళ్లలో బాదముపాలు, జీడిపప్పుపాలు, సోయాపాలు అని జనులు పిలుచు పానీయములు అట్టపెట్టెలలో అమ్ముడగుచున్నవి. కొందఱు ఇంటియందే వేరుసెనగలను, నువ్వులను రుబ్బి పాలు తీయుచున్నారు. ఇవి అశ్వత్థామ త్రాగిన పిండినీళ్ల వంటివా, లేక ఆవుపాల వంటివా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ఉత్తరము చెప్పుట తగదు. ఒక్కొక్క గింజను విడివిడిగా పరీక్షించి, లెక్క వేసి తెలిసికొనవలెను.

మొదట పేరును విచారింతము. తెలుగున పాలు అను మాట మిక్కిలి విశాలమైనది. కొబ్బరికోరును పిండగా వచ్చునవి పాలు. జిల్లేడాకును త్రుంచగా కాఱునవి పాలు. జొన్నకంకి గింజ పట్టునపుడు అందు ఊరునవియు పాలే. కొబ్బరిపాలతో పాయసము వండుకొందుము. జిల్లేడుపాలు కంటబడినచో చూపునకే ముప్పు. కావున పాలు అను పేరు రంగును తెలుపునే కాని గుణమును తెలుపదు. ఈ చిక్కును గమనించియే ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2017లో, చెట్టుచేమలనుండి చేసిన పానీయములను పాలు అను పేర అమ్మరాదని తీర్పు చెప్పెను. మన దేశమున ఆహార భద్రతా ప్రమాణముల సంస్థయు 2021లో అట్టి ఆదేశమునే ఇచ్చెను. చిరకాలముగా వాడుకలోనున్న కొబ్బరిపాలు మొదలగు కొన్ని పేర్లకు మాత్రము మినహాయింపు కలదు. ఈ పాఠమున మనము వాడుకను బట్టి వీనిని గింజపాలు అని పిలుచుకొందము.

ఇక పోల్చుటకు ఒక కొలత కావలెను. 200 మిల్లీలీటర్లు పట్టు గ్లాసును కొలతగా తీసికొందము. 100 గ్రాముల ఆవుపాలలో సుమారు 87 గ్రాములు నీరే. తక్కిన భాగమున మాంసకృత్తులు 3.2 గ్రాములు, కొవ్వు 4 గ్రాములకు అటునిటుగా, పాలచక్కెర సుమారు 4.7 గ్రాములు, కాల్షియము సుమారు 120 మిల్లీగ్రాములు ఉండును. అనగా ఒక గ్లాసు ఆవుపాలు త్రాగిన బాలునకు 6 గ్రాములకు మించిన మాంసకృత్తులు, 240 మిల్లీగ్రాముల కాల్షియము లభించును. గేదెపాలలో కొవ్వు మఱింత హెచ్చు. 100 గ్రాములకు 6 మొదలు 7 గ్రాముల వఱకు ఉండును. మాంసకృత్తులు కండలను పెంచును. కాల్షియము ఎముకలకును దంతములకును బలమిచ్చును. వీనికి తోడు పాలలో బి12 అను విటమిను కలదు. రక్తము చక్కగా తయారగుటకును, నరములు సరిగా పనిచేయుటకును అది యావశ్యకము.

ఇట్టి పాలుండగా మఱియొక దానిని వెదకుట యెందుకని మీరడుగవచ్చును. దానికి కారణములు పెక్కు కలవు. కొందఱి ప్రేగులలో పాలచక్కెరను జీర్ణించుకొను రసము చాలినంత ఊరదు; పాలు త్రాగినంతనే వారికి కడుపుబ్బరము, విరేచనములు కలుగును. మఱికొందఱు బిడ్డల శరీరమునకు పాలలోని మాంసకృత్తులే పడవు. కొందఱు జీవకారుణ్యము చేత పాలను విడిచిపెట్టుదురు. పేదఱికముచేత పాలను కొనలేనివారి సంగతి చెప్పనక్కఱయే లేదు.

పాలను విడిచి, ఆ స్థానమున నిలుపదగిన దానిని జీవితమంతయు వెదకిన మహనీయుడు గాంధీమహాత్ముడు. ఆయన 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున, మిత్రుడు కాలెన్‌బాక్‌తో కూడి పాలను వర్జించెను. పాలకొఱకు ఆవులను, గేదెలను పెట్టు హింసను గూర్చి వినుటయు అందుకొక కారణము. ఆఱేండ్లు గడచెను. 1918లో ఖేడా సత్యాగ్రహానంతరము ఆయనకు తీవ్రమైన జిగట విరేచనములు పట్టుకొనెను. ఆ దినములలో ఆయన ముఖ్యాహారము వేరుసెనగల ముద్ద, నిమ్మపండ్లు. దేహము శిథిలమయ్యెను. పాలు త్రాగనిదే కోలుకొనుట కష్టమని వైద్యుడు చెప్పెను. వ్రతము పట్టినపుడు మనసునందుంచుకొన్నవి ఆవుపాలు, గేదెపాలే కదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా పలికెను. గాంధీజీ మేకపాలు త్రాగి బ్రదికెను. వ్రతములోని అక్షరము నిలిచినను ఆత్మ నిలువలేదను బాధ మాత్రము ఆయనను విడువలేదు. పాలవలె పోషించి, పాలవలె తేలికగా జీర్ణమగు శాకాహారమును ఎవరైన కనుగొని తెలుపుడని తన ఆత్మకథయందే ఆయన కోరెను. ఆయన కోరిన ఆ రెండు గుణములనే మనమును గింజపాలలో వెదకుదము.

గింజపాలు తీయు విధము సులభమైనది. గింజలను ఆఱేడు గంటలు నానవేసి, కడిగి, మెత్తగా రుబ్బి, నీరు చేర్చి, పలుచని బట్టలో వడగట్టవలెను. క్రిందికి దిగినవి పాలు. బట్టలో మిగిలినది పిప్పి. కావున గ్లాసులోనికి ఏమి వచ్చుననునది మూడు సంగతులపై ఆధారపడియుండును. గింజలో ఏమున్నది? ఎన్ని గింజలు వేసితిమి? పిప్పిలో ఏమి పోయినది? ఈ మూడు ప్రశ్నలను మఱవకున్నచో ఏ పెట్టెయు, ఏ పేరును మిమ్ము మోసగింపజాలదు.

బాదముపప్పుతో ప్రారంభింతము. ఇది గొప్ప గింజ. 100 గ్రాముల బాదములో సుమారు 21 గ్రాముల మాంసకృత్తులు, 50 గ్రాముల కొవ్వు కలవు. ఈ మాట విని బాదముపాలు ఆవుపాలను మించునని తలపవలదు. అంగడిలో దొరకు పెట్టెలపై బాదము నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమేయని తఱచుగా ముద్రింపబడియుండును. రెండున్నర పాళ్లే అనుకొందము. అపుడు 200 మిల్లీలీటర్ల గ్లాసులో 5 గ్రాముల బాదము ఉండును. ఒక్కొక్క పప్పు గ్రామునకు కొంచెము పైగా తూగును గనుక, ఆ గ్లాసులో ఉన్నవి నాలుగు బాదముపప్పులు. అందలి మాంసకృత్తులు ఒక్క గ్రాము. ఆవుపాల గ్లాసులో ఆఱవవంతు! కొవ్వు, శక్తి తక్కువగుటచే ఇది శరీరము బరువు తగ్గింపదలచిన పెద్దలకు సరిపోవచ్చునేమో కాని, ఎదుగు బిడ్డలకు పాలస్థానమున నిలువజాలదు. ఆ నాలుగు పప్పులను నమలి తిని, ఒక గ్లాసు మంచినీరు త్రాగినను ఫలము ఇంచుమించు అదియే. జీడిపప్పుపాల కథయు ఇట్టిదే. రుచి కమ్మనిది, చిక్కదనము హెచ్చు, కాని కొద్ది పప్పును ఎక్కువ నీటిలో కలిపినచో బలము కొద్దియే.

మన నేలలో విరివిగా పండు వేరుసెనగ సంగతి చూతము. 100 గ్రాముల వేరుసెనగపప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు కలవు. అనంతపురము మెట్టచేలలో పండు ఈ గింజ, వెల పెట్టి దూరమునుండి తెచ్చుకొను బాదమునకు మాంసకృత్తులలో ఏమాత్రము తీసిపోదు. 100 గ్రాముల పప్పుతో ఒక లీటరు పాలు తీసితిమనుకొందము. ఒక గ్లాసునకు 20 గ్రాముల పప్పు చెందును. అందు 5 గ్రాముల మాంసకృత్తులు. పిప్పిలో కొంత పోగా మిగిలినదియు తక్కువది కాదు. అమెరికాలో బానిసకుటుంబమున పుట్టి, టస్కెగీ విద్యాలయమున ఆచార్యుడైన జార్జి వాషింగ్టన్ కార్వర్, 1921లో ఆ దేశపు ప్రతినిధుల సభాసంఘము ఎదుట వేరుసెనగపాలను ప్రదర్శించి సభ్యులను ఆశ్చర్యపఱచెను. మన దేశమున మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వారు వేరుసెనగలోని మాంసకృత్తులను వేఱుచేసి, గేదెపాలతో కలిపి, మిల్టోన్ అను పానీయమును తయారుచేసిరి. కొలదిపాటి పాలు ఎక్కువమంది బిడ్డలకు అందవలెననుటయే వారి సంకల్పము.

అయినను వేరుసెనగకు లోపములు లేకపోలేదు. మాంసకృత్తులు పెక్కు చిన్న భాగముల కూర్పులు. ఆ భాగములలో లైసీను అనునది వేరుసెనగలో తక్కువ. ఇంటిగోడకు ఇటుకలెన్ని యున్నను సున్నము చాలనిచో గోడ లేవనట్లు, ఒక్క భాగము కొఱవడినచో తక్కినవి పూర్తిగా ఉపయోగపడవు. లైసీను పప్పుధాన్యములలో సమృద్ధిగా కలదు. కావున వేరుసెనగపాలు త్రాగువాడు కందిపప్పో పెసరపప్పో తినుచుండవలెను. కాల్షియము విషయమున వేరుసెనగ మఱింత వెనుకబడినది. పైన చెప్పిన గ్లాసులో అది 20 మిల్లీగ్రాములకు లోపే. ఇంకొక జాగ్రత్త కలదు. బూజుపట్టిన వేరుసెనగలో అఫ్లటాక్సిను అను విషము పుట్టును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా సీమకోళ్లు చనిపోగా, వానికి మేపిన వేరుసెనగపిండిలోని ఈ విషమే కారణమని తేలినది. కాచినంత మాత్రమున ఈ విషము పోదు. ముడుచుకొనినవి, రంగు మాఱినవి, బూజు వాసన వచ్చునవి ఏరి పాఱవేయవలెను.

నువ్వుల విషయమున లెక్క మనలను తికమకపెట్టును. పొట్టుతోనున్న 100 గ్రాముల నువ్వులలో కాల్షియము ఇంచుమించు 1,000 మిల్లీగ్రాములు, కొన్ని రకములలో అంతకు మించియు ఉండును. గ్లాసునకు 20 గ్రాముల నువ్వులు వేసినచో 200 మిల్లీగ్రాములు వచ్చినట్లు తోచును. ఆవుపాలకు దాదాపు సమానమే! కాని మన మూడవ ప్రశ్నను మఱవరాదు. ఆ కాల్షియములో పెద్దభాగము పొట్టులో కలదు. అక్కడ అది ఆగ్జాలికామ్లముతో బిగిసియుండుటచే శరీరమునకు సులభముగా అందదు. పొట్టు తీసిన నువ్వుపప్పులోను, వడగట్టిన పాలలోను మిగులునది స్వల్పమే. కాగితముపై ఉన్నదంతయు కడుపులోనికి రాదని నువ్వులు మనకు నేర్పుచున్నవి. అట్లని వానిని తేలికగా చూడరాదు. వేరుసెనగలో తక్కువగు మెథియోనీను అను భాగము నువ్వులలో సమృద్ధిగా కలదు. నువ్వులు బెల్లము దంచి చిమ్మిలి చేయునపుడు ఏ భాగమును పిప్పిగా పోదు. నూనె తీయగా మిగిలిన తెలకపిండిని బాలింతలకు కూరగా వండిపెట్టు మన ఆచారమున మాంసకృత్తులు వ్యర్థము కాకుండు ఉపాయము దాగియున్నది.

కొబ్బరిపాలు మన వంటయింటికి చిరపరిచితములు. చిక్కదనమును చూచి ఇవి బలమైన పాలనుకొందుము. నీరు చేర్చక తీసిన తొలిపాలలో కొవ్వు నూటికి ఇరువది పాళ్లకు మించును. మాంసకృత్తులు మాత్రము రెండుమూడు పాళ్లు. కాల్షియము 100 గ్రాములకు 16 మిల్లీగ్రాములకు అటునిటుగా ఉండును. కావున కొబ్బరిపాలను పాలతో కాక మీగడతో పోల్చుట న్యాయము. పాయసమునకును కూరకును రుచినిచ్చునే కాని, అవి పాలు చేయు పనిని చేయజాలవు.

సోయాచిక్కుడు పప్పుధాన్యముల జాతిలోనిది. 100 గ్రాముల గింజలలో మాంసకృత్తులు 36 గ్రాములకు తగ్గవు. అందు లైసీనుకు కొఱత లేదు. చక్కగా తీసిన సోయాపాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 3 గ్రాముల మాంసకృత్తులుండును. మాంసకృత్తులలో ఆవుపాల ప్రక్కన నిలువదగినవి ఇవియే. పచ్చిగింజలో జీర్ణక్రియకు అడ్డుపడు పదార్థములుండుటచే ఈ పాలను బాగుగా మఱగకాచియే త్రాగవలెను. యుద్ధకాలమున చైనానుండి హాంగ్‌కాంగునకు తరలివచ్చిన కాందిశీకులు పోషణలేక కృశించుట చూచి కరగిపోయిన కె. యస్. లో అను వర్తకుడు, 1940లో అచట సోయాపాల కర్మాగారమును నెలకొల్పెను. గాంధీజీ వెదకిన దానికి మిక్కిలి చేరువగా వచ్చినది ఈ గింజయే. ఐనను సహజమగు సోయాపాలలో కాల్షియము ఆవుపాలలోని దానికి నాల్గవవంతైనను లేదు.

ఇపుడు ఒక ముఖ్యవిషయము గ్రహింపుడు. ఏ గింజయందును బి12 విటమిను లేదు. దానిని సృష్టించునవి సూక్ష్మజీవులు. పశువులద్వారా అది పాలలోనికిని, మాంసములోనికిని వచ్చును. అందువలన కర్మాగారములవారు తమ పానీయములలో కాల్షియమును, బి12, డి విటమినులను కొన్ని పెట్టెలలో వేఱుగా చేర్చుచున్నారు. అట్లు చేర్చినది అడుగున పేరుకొనును గనుక పెట్టెను బాగుగా కుదిపి పోసికొనవలెను. ఇంటిలో తీసిన గింజపాలలో ఇవి ఉండవు. కొన్ని పెట్టెలలో చక్కెర మాత్రము దండిగా చేరియుండును. ఈ సంగతులన్నియు పెట్టె వెనుక చిన్న అక్షరములలో ముద్రింపబడియుండును. ముందున్న బొమ్మను కాక ఆ అక్షరములను చదువుట నేర్చుకొనుడు.

ఈ విచారణ కేవలము రుచికి సంబంధించినది కాదు. మాంసకృత్తులు చాలక బిడ్డల కాళ్లు, ముఖము ఉబ్బి, చర్మము పొరలుగా ఊడు వ్యాధికి క్వాషియార్కర్ అని పేరు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టున 1930ల దశకమున దీనిని లోకమునకు ఎఱిగించెను. అది కఱవు నేలలలోని పేదబిడ్డల జబ్బు. అట్టి జబ్బు 2001లో సంపన్న దేశమగు అమెరికాలో, తిండికి లోటులేని ఇంటి బిడ్డకు వచ్చినదని అట్లాంటా నగర వైద్యులు ప్రకటించిరి. ఆ పసిబిడ్డకు పాలకు మాఱుగా పోసినది బియ్యపు పానీయము. అందు మాంసకృత్తులు దాదాపు శూన్యము. తల్లిదండ్రులు బిడ్డకు మేలు చేయుచున్నామనియే నమ్మిరి. అశ్వత్థామకు తోడిపిల్లలు పరిహాసమునకు ఇచ్చినదానిని, ఈ బిడ్డకు కన్నవారే ప్రేమతో ఇచ్చిరి! మీ యిండ్లలో చంటిబిడ్డలున్నచో ఈ మాట పెద్దలకు చెప్పుడు: ఆఱు నెలలు నిండువఱకు బిడ్డకు తల్లిపాలే ఆహారము, ఏడాది నిండనివారికి ఏ గింజపాలును తల్లిపాలకు బదులు కావు. కొందఱికి వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు పడక ఒడలు దద్దురులెక్కి, ఊపిరాడని స్థితి కలుగును. అట్టివారు వానిని పూర్తిగా మానవలెను.

మఱి పాలు పడనివారు, విడిచినవారు, కొనలేనివారు చేయవలసినదేమి? పాలు ఇచ్చుచున్నదేమో తెలిసికొని, దానిని వేర్వేఱు చోట్లనుండి కూర్చుకొనవలెను. పాలచక్కెర పడనివారిలో పెక్కుమందికి కొద్దికొద్దిగా పెరుగు, మజ్జిగ పడును. తోడుకొనునపుడు ఆ చక్కెర కొంత తగ్గును. మాంసకృత్తులకు పప్పు, వేరుసెనగ, సోయా కలవు. కాల్షియమునకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా నిచ్చు రాగులును, మునగాకును కలవు. బి12 కొఱకు గ్రుడ్లు, చేపలు తినువారికి చింత లేదు. అవియు ముట్టనివారు వైద్యుని అడిగి ఆ విటమినును వేఱుగా పుచ్చుకొనవలెను. గింజపాలు తీసినపుడు పిప్పిని పాఱవేయక పొడిలోనో కూరలోనో కలుపుకొనవలెను.

మీ పాఠశాలలో ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. రెండు గాజుగ్లాసులు తెచ్చి, ఒకదానిలో ఆవుపాలు, ఇంకొకదానిలో బియ్యపుపిండి వేసి కాచి చల్లార్చిన నీళ్లు పోయుడు. రెండును తెల్లగానే యుండును. ఉపాధ్యాయుని యెదుట ఒక్కొక్కదానిలో రెండు చుక్కల టింక్చరు అయొడిను వేయుడు. పిండినీళ్లు నీలముగా మాఱును. స్వచ్ఛమగు పాలు అట్లు మాఱవు. అశ్వత్థామ తెలిసికొనలేకపోయిన భేదము మీకు రెండు చుక్కలలో తెలియును.

హంస పాలను నీళ్లను వేఱుచేయునని మన కవులు వర్ణింతురు. ఆ శక్తి మీకు చదువువలన అబ్బవలెను. గింజపాలను నిందింపవలదు, నెత్తిన పెట్టుకొనవలదు. గింజలో ఏమున్నది, ఎన్ని గింజలు వేసితిమి, పిప్పిలో ఏమి పోయినది అని అడిగి, ఆ పిమ్మట త్రాగుడు. ద్రోణునికి ఆవు దొరకలేదు. ఆ బాలునికి నిజము చెప్పువారును దొరకలేదు. ఆవు లేని ఇంటనైనను నిజమెఱిగినవారుండినచో, బిడ్డకు పిండినీళ్లు పోయవలసిన దుర్దశ కలుగదు.